విషం కణంలో దూరకముందే!

మీ బీరువాలో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సుల మధ్య ఎక్కడో పిల్లల టీకా కార్డు ఉండే ఉంటుంది. ఒకసారి తీసి చూడండి. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం ఎదురుగా పెంటావాలెంట్ అని ఉంటుంది. పాత కార్డయితే డీపీటీ అని ఉంటుంది. అందులో డి అంటే డిఫ్తీరియా, మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేవారు. టి అంటే టెటనస్, అంటే ధనుర్వాతం. మధ్యలో ఉన్న పి కోరింత దగ్గుది. దాని కథ వేరు. డి, టి అనే ఆ రెండు అక్షరాల వెనకా ఒకే డాక్టరు పేరు వినిపిస్తుంది. ఆయనే జర్మనీకి చెందిన ఎమిల్ బెహ్రింగ్. వైద్యరంగంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే దక్కింది.

ఆ బహుమతి ఏ కొత్త సూక్ష్మజీవిని కనిపెట్టినందుకో ఇచ్చింది కాదు. కొన్ని జబ్బుల్లో మనిషిని చంపేది సూక్ష్మజీవి కాదు, అది వదిలే విషం. ఆ విషానికి విరుగుడును ఒంట్లోని రక్తమే తయారుచేసుకుంటుంది. ఆ విరుగుడును ఒకరి నుంచి తీసి మరొకరికి ఎక్కించి ప్రాణం నిలబెట్టొచ్చు. బెహ్రింగ్ నిరూపించింది ఇదే. పాముకాటుకు ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్ మీకు తెలుసుగా? దాని వెనకున్న సూత్రం కూడా ఇదే.

బడిపంతులు గారబ్బాయి

బెహ్రింగ్ 1854 మార్చి 15న అప్పటి ప్రష్యా రాజ్యంలోని హాన్స్‌డార్ఫ్ అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడా ఊరు పోలండ్‌లో ఉంది. తండ్రి బడిపంతులు. ఇంట్లో పదమూడు మంది పిల్లలు. పంతులు గారి జీతంతో అంతమందికి తిండి పెట్టడమే కష్టం, ఇక డాక్టరు చదువు ఎక్కడ చదివిస్తారు? అయితే బెర్లిన్‌లో సైనిక వైద్య కళాశాల ఒకటుండేది. అక్కడ ఫీజులు ఉండవు. బదులుగా చదువయ్యాక ఏళ్ల తరబడి సైన్యంలో డాక్టరుగా పనిచేయాలి. 1874లో బెహ్రింగ్ ఆ దారే పట్టారు. 1878లో డాక్టరు పట్టా చేతికొచ్చింది. ఆ తర్వాత పదేళ్ల దాకా ఏ దండు ఎక్కడుంటే అక్కడికి ఉద్యోగం.

అక్కడ ఆయన కంటబడింది అయోడోఫారం అనే పసుప్పచ్చని పొడి. పాతకాలం ఆసుపత్రుల్లో గుప్పుమని కొట్టే వాసన దీనిదే. గాయాల మీద దీన్ని చల్లేవారు. పరీక్షించి చూస్తే అది సూక్ష్మజీవులను పెద్దగా చంపడం లేదు. అయినా గాయం నయమవుతోంది. మరొకరైతే మందు పనిచేస్తోంది కదా, చాలు అనుకుని వదిలేసేవారేమో. బెహ్రింగ్ వదల్లేదు. సూక్ష్మజీవిని చంపకపోయినా, అది విడిచిపెట్టే విషాన్ని ఈ పొడి విరిచేస్తోందేమో అన్న అనుమానం ఆయనకు వచ్చింది. అయోడోఫారం తర్వాత మరుగున పడిపోయింది. ఆ అనుమానం మాత్రం ఆయన జీవితాన్నే నడిపించింది.

గొంతులో క్రిమి, గుండెలో దెబ్బ

ఆ రోజుల్లో డిఫ్తీరియా అంటే తల్లిదండ్రులకు ఎంత భయమో ఇప్పుడు ఊహించుకోవడం కష్టమే. ఒక్క జర్మనీలోనే ఏటా దాదాపు 50 వేల మంది పిల్లలు దీనికి బలయ్యేవారు. మామూలు గొంతునొప్పి, కొద్దిపాటి జ్వరంతో మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో టాన్సిల్స్ మీద బూడిదరంగు పొర పరుచుకుంటుంది. గీకితే రక్తం వస్తుంది. మెడ వాచిపోతుంది. పొర కిందికి పాకి గాలిగొట్టాన్ని మూసేస్తే పిల్లాడికి ఊపిరాడదు. అప్పుడు డాక్టర్లు మెడ ముందు భాగంలో రంధ్రం చేసి గొట్టం పెట్టేవారు. చేయగలిగిందల్లా అదే.

అంతకన్నా బాధ కలిగించేది మరొకటుంది. గండం గడిచింది, పిల్లాడు లేచి కూర్చుంటున్నాడు, అన్నం తింటున్నాడు అనుకునేలోపు, ఒకటి రెండు వారాలకు గుండె ఆగిపోయేది. కొందరికి మాట ముక్కుతో వచ్చేది. నీళ్లు తాగితే ముక్కులోంచి బయటికి వచ్చేవి. అంగిట్లో కండరాలను ఆడించే నరాలు చచ్చుబడటం వల్ల అలా జరుగుతుంది.

1884లో ఫ్రెడరిక్ లోఫ్లర్ అనే శాస్త్రవేత్త ఈ జబ్బు క్రిమిని వేరుచేసి పెంచారు. అప్పుడే ఒక చిక్కుముడి ఎదురైంది. క్రిమి గొంతులోనే కనిపిస్తోంది. గుండెలో లేదు, నరాల్లో లేదు. దెబ్బ మాత్రం అక్కడ తగులుతోంది. అంటే గొంతులో కూర్చుని అదేదో విషాన్ని రక్తంలోకి పంపుతోందన్నమాట. 1888లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ ఈ ముడి విప్పారు. క్రిములను పెంచిన ద్రవాన్ని సన్నని వడపోతలోంచి పంపి క్రిములన్నిటినీ తీసేశారు. మిగిలిన ద్రవాన్ని జంతువులకు ఎక్కించారు. ఒక్క క్రిమి కూడా లేని ఆ ద్రవంతోనే జంతువులు చనిపోయాయి.

ఇంతకీ ఆ విషం కణంలో ఏం చేస్తుంది? బెహ్రింగ్ కాలంలో ఇది ఎవరికీ తెలియదు. తెలియడానికి మరో 70, 80 ఏళ్లు పట్టింది. మీరు మాత్రం ఇప్పుడే తెలుసుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

డిఫ్తీరియా విషం ఒక ప్రొటీన్. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి తలుపు తెరిపించేది, రెండోది లోపలికి వెళ్లి నాశనం చేసేది. మొదటి భాగం మన కణం పైపొర మీదున్న ఒక ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. అక్కడ ఆ ప్రొటీన్ ఉన్నది వేరే పని కోసం. ఈ విషం దాన్ని గుమ్మంలా వాడుకుంటుంది. కణం ఇదేదో తనకు కావలసిన సరుకే అనుకుని చిన్న సంచిలా మడిచి లోపలికి తీసుకుంటుంది. సంచిలోపల ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లం తగలగానే మొదటి భాగం సంచి గోడకు కన్నం వేస్తుంది. రెండో భాగం ఆ కన్నంలోంచి కణం నడిబొడ్డులోకి జారుకుంటుంది.

అక్కడ జరిగేది పూలమాల గుచ్చడంతో పోల్చి చెప్పుకోవచ్చు. మల్లెపూలు గుచ్చేటప్పుడు సూదికి ఒక పువ్వు ఎక్కించాక దాన్ని వేలితో దారం మీదికి జరుపుతాం. అలా జరిపితేనే తర్వాతి పువ్వుకు చోటుంటుంది. మన కణాలు కూడా ప్రొటీన్లను ఇలాగే ఒక్కో పూసా చేర్చుకుంటూ తయారుచేస్తాయి. ఒక పూస చేరగానే గొలుసును ఒక అడుగు జరిపే సహాయక ప్రొటీన్ ఒకటుంటుంది. డిఫ్తీరియా విషం సరిగ్గా ఆ జరిపే వేలిని కట్టేస్తుంది. ఇక మాల ముందుకు సాగదు. కొత్త ప్రొటీన్లు లేక కణం చచ్చిపోతుంది. ఒక వేలిని కట్టేశాక విషం అరిగిపోదు, తరిగిపోదు. మరోదాని దగ్గరికి వెళ్తుంది. అందుకే ఒక కణాన్ని చంపడానికి లోపలికి చేరిన ఒక్క అణువు చాలు. గుండె కండరంలోని కణాలు, నరాల చుట్టూ తొడుగులా ఉండే కణాలు దీనికి బాగా దెబ్బతింటాయి.

(ఇందులో ఒక వింత కూడా ఉంది. ఈ విషం తయారీ సూత్రం అసలు ఆ క్రిమిది కాదు. ఆ క్రిమికి పట్టే ఒక వైరస్‌ది. వైరస్ సోకని డిఫ్తీరియా క్రిమి ఈ విషాన్ని తయారుచేయలేదు.)

రక్తంలో దొరికిన విరుగుడు

మళ్లీ బెహ్రింగ్ దగ్గరికి వద్దాం. 1889 నాటికి ఆయన బెర్లిన్‌లో, క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోచ్ ప్రయోగశాలకు చేరారు. అక్కడ పక్క బల్ల దగ్గర పనిచేస్తున్నవారు షిబాసబురో కిటసాటో అనే జపాన్ డాక్టరు. ధనుర్వాతం క్రిమిని ఎవరూ విడిగా పెంచలేకపోతున్న రోజుల్లో, గాలి తగలకుండా పెంచి చూపించారాయన. బెహ్రింగ్ డిఫ్తీరియా మీద, కిటసాటో ధనుర్వాతం మీద పనిచేస్తూ ఒకే ప్రశ్న దగ్గర కలిశారు. జబ్బును తట్టుకున్న జంతువు రక్తంలో ఏముంది?

వాళ్లు చేసిన ప్రయోగం వినడానికి చాలా సులువుగా ఉంటుంది. ధనుర్వాతాన్ని తట్టుకునేలా తయారుచేసిన కుందేలు రక్తాన్ని కొద్దిగా తీసి చిట్టెలుకల పొట్టలోకి ఎక్కించారు. ఒక రోజు ఆగి ప్రాణాంతకమైన ధనుర్వాతం క్రిములను ఎక్కించారు. ఆ ఎలుకలు హాయిగా తిరిగాయి. మామూలు ఎలుకలు చచ్చిపోయాయి. విషాన్ని, ఆ కుందేలు సీరాన్ని ముందే కలిపి ఇచ్చినా ఏమీ కాలేదు. మామూలు కుందేలు సీరం కలిపితే మాత్రం లాభం లేకపోయింది. 1890 డిసెంబరు 4న ఇద్దరి పేర్లతో ఆ వ్యాసం వచ్చింది. సరిగ్గా వారానికి డిఫ్తీరియా మీద బెహ్రింగ్ ఒక్కరి పేరుతో మరొకటి వచ్చింది. ఆ రక్తంలో ఉన్నదాన్ని విషానికి విరుగుడు అనే అర్థంలో యాంటీటాక్సిన్ అన్నారు. ఇవాళ మనందరికీ తెలిసిన యాంటీబాడీల కథ ఇక్కడే మొదలైంది.

ఈ విరుగుడు చేసే పని ఏమిటంటే, రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుని, కణం తలుపు తెరిపించే భాగానికి అడ్డంగా అతుక్కుపోవడం. గుమ్మం దగ్గరికి వెళ్లినా పట్టు దొరక్కుండా చేయడం.

1891 క్రిస్మస్ రాత్రి బెర్లిన్‌లో ఒక చిన్నారికి ఈ మందును మొదటిసారి ఇచ్చి బతికించారని చాలాచోట్ల చదువుతాం. వినడానికి బాగుంటుంది కానీ, అది తర్వాత అల్లిన కథేనన్నవారూ ఉన్నారు. నిజానికి మొదట్లో మందు అంత గొప్పగా పనిచేయలేదు. గొర్రెల నుంచి తీసిన సీరం పలుచన. ఒక సీసాలో ఎంత బలం ఉందో, మరో సీసాలో ఎంత ఉందో కొలిచే పద్ధతి లేదు. ఆ కొలతను ఇచ్చినవారు పాల్ ఎర్లిక్. విషాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి జంతువు రక్తంలో విరుగుడును ఎలా చిక్కబరచాలో, దాని బలాన్ని యూనిట్లలో ఎలా లెక్కగట్టాలో ఆయన చూపించారు. ఇప్పటికీ డిఫ్తీరియా సీరాన్ని మిల్లీలీటర్లలో కాదు, వేల యూనిట్లలోనే రాస్తారు. గొర్రెల స్థానంలో గుర్రాలు వచ్చాయి. 1894లో హోక్స్ట్ కంపెనీ సీరాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అదే ఏడాది పారిస్‌లో రూ కూడా గుర్రపు సీరంతో వందలాది పిల్లలకు చికిత్స చేశారు. అంతకుముందు సగం మంది చనిపోయే ఆ వార్డులో మరణాలు నాలుగో వంతుకు పడిపోయాయి.

మరి ఆ నాలుగో వంతు ఎందుకు బతకలేదు? మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇక్కడే ఉంది. అప్పటి బెర్లిన్ ఆసుపత్రుల లెక్కలు చూస్తే, జబ్బు మొదలైన మొదటి రెండు రోజుల్లో ఇంజెక్షన్ అందిన పిల్లల్లో దాదాపు అందరూ బతికారు. ఐదో రోజున అందినవారిలో సగానికి కాస్త పైన మాత్రమే. మందు అదే, పిల్లలూ ఆ వయసువాళ్లే. తేడా అంతా రోజుల్లో ఉంది. కణం బయట ఉన్నంతసేపే విరుగుడు విషాన్ని పట్టుకోగలదు. లోపలికి దూరిన విషాన్ని అది తాకనైనా లేదు. ఇంతకాలం గడిచినా ఇందులో మార్పు లేదు.

ధనుర్వాతంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. ఆ విషం నరాల వెంట పాకి వెన్నుపాముకు చేరుతుంది. కండరాలను సడలమని చెప్పే సంకేతాలు విడుదల కాకుండా ఒక ప్రొటీన్‌ను కత్తిరించేస్తుంది. దాంతో ఒళ్లంతా విల్లులా బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్నాక సీరం ఇస్తే పెద్దగా ఫలితం కనిపించలేదు. గాయం తగిలిన వెంటనే ఇస్తే మాత్రం జబ్బే రాలేదు. మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు కందకాల మట్టిలో గాయపడ్డ జర్మన్ సైనికులు ధనుర్వాతంతో పోతుంటే, బెహ్రింగ్ సీరాన్ని ముందుజాగ్రత్తగా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ మరణాలు బాగా తగ్గాయి. పిల్లల రక్షకుడన్న పేరుకు సైనికుల రక్షకుడన్న పేరు కూడా తోడైంది.

సీరం కూడా నిరపాయమేమీ కాదు. అది గుర్రపు రక్తం నుంచి వచ్చింది. కొందరికి వారం పది రోజుల తర్వాత జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు వచ్చేవి. అరుదుగా కొందరికి ఇంజెక్షన్ ఇచ్చిన నిమిషాల్లోనే ప్రాణం మీదికి వచ్చేది. 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జిమ్ అనే గుర్రం నుంచి తీసిన సీరం వల్ల 13 మంది పిల్లలు చనిపోయారు. ఆ గుర్రానికే ధనుర్వాతం సోకింది, చూసుకోకుండా సీసాలకెత్తారు. మరుసటి ఏడాదే అక్కడ ఇలాంటి మందుల తయారీని అదుపుచేసే చట్టం వచ్చింది.

నోబెల్ తర్వాత

1895 నుంచి బెహ్రింగ్ మార్బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. 1896లో ఎల్జ స్పినోలాను పెళ్లాడారు. ఆరుగురు కొడుకులు. 1901లో నోబెల్, అదే ఏడాది పేరు మధ్యలో వాన్ చేరేలా ప్రభువంశపు హోదా. పదమూడు మంది పిల్లలున్న పంతులు గారింట్లోంచి ఇంత దూరం వచ్చారు.

నోబెల్ మాత్రం ఆయన ఒక్కరికే వచ్చింది. ధనుర్వాతం ప్రయోగాల్లో సగం పాలున్న కిటసాటో పేరు అందులో లేదు. ఇది న్యాయం కాదని ఈ రోజుకూ చాలామంది అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఎర్లిక్‌తో స్నేహం కూడా సీరం లాభాల వాటాల దగ్గర, పేరు పంపకం దగ్గర చెడిపోయింది. ఎర్లిక్‌కు 1908లో వేరుగా నోబెల్ వచ్చింది కానీ ఇద్దరి మనసులు మళ్లీ కలవలేదు. బెహ్రింగ్ గొప్ప డాక్టరే, కలిసి పనిచేయడం మాత్రం తేలిక కాదు.

తర్వాత ఆయన క్షయ మీద పడ్డారు. అది ఆయన్ను ఓడించింది. ఎందుకో ఇప్పుడు మనకు తెలుసు. క్షయ క్రిమి డిఫ్తీరియాలా ఒక్క విషాన్ని వదిలి చంపేది కాదు, తానే కణాల్లోపల కాపురం పెడుతుంది. ఒకే విరుగుడుతో పట్టే జబ్బు కాదది. పశువులకు తయారుచేసిన టీకా నిలబడలేదు. మనుషులకు మందు వస్తోందని చేసిన ప్రకటనలూ ఉత్తవయ్యాయి. 1907 నుంచి దాదాపు మూడేళ్లు ఆయన తీవ్రమైన డిప్రెషన్‌తో శానిటోరియంలో ఉండాల్సి వచ్చింది. ఎంతోమంది పిల్లల ప్రాణాలు నిలిపిన మనిషి కూడా మానసికంగా ఇలా కుంగిపోవచ్చు.

అక్కడి నుంచి తిరిగొచ్చాక బెహ్రింగ్ మళ్లీ పాత స్నేహితురాలి లాంటి డిఫ్తీరియా దగ్గరికే వెళ్లారు. సీరం ఇచ్చే రక్షణ కొద్ది వారాలే, ఎందుకంటే అది అరువు తెచ్చుకున్నది. ఒళ్లే స్వయంగా విరుగుడు తయారుచేసుకునేలా నేర్పలేమా? 1913లో విషాన్నీ విరుగుడునూ కొలత ప్రకారం కలిపి పిల్లలకు ఇచ్చే టీకాను ఆయన ప్రకటించారు. విరుగుడు కాపలాగా ఉంటుంది కాబట్టి విషం హాని చేయదు, శరీరం మాత్రం దాన్ని చూసి పాఠం నేర్చుకుంటుంది. ఆలోచన సరైనదే. కానీ కొలత తప్పితే ప్రమాదం. 1917 మార్చి 31న మార్బర్గ్‌లో ఆయన కన్నుమూశారు. నోబెల్ డబ్బు కూడా పెట్టి 1904లో అక్కడ ఆయన మొదలుపెట్టిన బెహ్రింగ్‌వెర్కె ప్రాంగణంలోనే 2021లో బయోఎన్‌టెక్ కోవిడ్ టీకా తయారైంది.

ఆయన పోయిన కొన్నేళ్లకు, 1920ల్లో ఫ్రాన్స్‌లో గాస్టన్ రామన్ ఆ ప్రమాదాన్ని తీసేశారు. విషానికి ఫార్మలిన్ కలిపి కొన్నాళ్లు వెచ్చగా ఉంచితే దాని కోరలు పోతాయి, రూపు మాత్రం మిగులుతుంది. దాన్నే టాక్సాయిడ్ అంటారు. మీ పిల్లల కార్డులోని డి, టి ఇవే.

మీ ఇంటి సంగతి

టీకా విషాన్ని అడ్డుకుంటుంది, గొంతులో క్రిమి చేరడాన్ని పూర్తిగా ఆపదు. కాబట్టి టీకాలు మానేసిన పిల్లలున్నచోట జబ్బు మళ్లీ తలెత్తుతుంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి డాక్టర్లకు ఇది కొత్త జబ్బేమీ కాదు. ఇంకో సంగతి, చిన్నప్పుడు వేసిన టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే పదహారు నెలల నుంచి రెండేళ్ల లోపు ఒక బూస్టర్, ఐదారేళ్లకు మరొకటి, ఆపైన 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ ఉంటాయి. చంటిపిల్లల టీకాలు గడియారం చూసుకుని వేయించే ఇళ్లలో కూడా ఈ చివరి రెండూ ఖాళీగా కనిపిస్తుంటాయి. ఆ వయసుకు పిల్లలు హైస్కూలు, ట్యూషన్ల హడావుడిలో పడిపోతారు, కార్డు బీరువాలోకి వెళ్లిపోతుంది. పెద్దలకు కూడా పదేళ్లకోసారి టీడీ మంచిదని నిపుణులు చెబుతారు. గర్భిణులకు టీటీ బదులు ఇప్పుడిస్తున్నది టీడీయే.

మేకు గుచ్చుకుంటే వేయించుకునే ఇంజెక్షన్ గురించి కూడా ఒక మాట. అది సీరం కాదు, టాక్సాయిడ్. ఒంటికి పాఠం నేర్పుతుంది, ఆ క్షణాన విషాన్ని పట్టుకోదు. ఎప్పుడూ టీకాలు వేయించుకోనివారికి, మట్టి పట్టిన లోతైన గాయమైతే డాక్టరు దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. అదీ బెహ్రింగ్ పద్ధతిలో అరువు రక్షణే.

పిల్లలకు గొంతునొప్పితోపాటు తెల్లగానో బూడిదరంగులోనో పొర, మెడ వాపు, ఊపిరి తీసేటప్పుడు శబ్దం కనిపిస్తే ఆ పొరను ఇంట్లో గీకకండి, పుక్కిలింతలతో రోజులు గడపకండి. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, టీకా కార్డు కూడా పట్టుకెళ్లండి. యాంటీబయాటిక్స్ క్రిమిని చంపి కొత్త విషం తయారవకుండా ఆపుతాయి, అప్పటికే రక్తంలోకి వెళ్లిన విషాన్ని ఏమీ చేయలేవు. దానికి ఇప్పటికీ గుర్రాల నుంచి తీసే ఆ సీరమే దిక్కు. జబ్బు తగ్గిపోవడంతో అది కొద్దిచోట్లే తయారవుతోంది, అడగ్గానే ప్రతి ఊళ్లో దొరికేది కాదు. అందుకే డాక్టర్లు అనుమానం గట్టిగా ఉంటే పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండానే ఇచ్చేస్తారు. ఇంట్లో మిగతావారికి కూడా మందులిస్తారు, వద్దనకండి. జబ్బు నుంచి కోలుకున్న పిల్లలకు కూడా తర్వాత టీకా వేస్తారు. ఒకసారి వచ్చి తగ్గింది కదా, ఇక రాదు అనుకోవడానికి ఈ జబ్బులో వీల్లేదు.